తండ్రి మాట, కొడుకు పగ: హామ్లెట్ నాటకంలో ముగ్గురు కొడుకులు

సంక్షిప్తంగా: షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లో తండ్రిని పోగొట్టుకున్న కొడుకులు ముగ్గురు. ఇద్దరు పగ దారిలో ప్రాణాలు పోగొట్టుకుంటారు, మూడోవాడు రాజవుతాడు. ఈ తేడాకు కారణం తండ్రులు చెప్పిన మాటల్లో కొంతే దొరుకుతుంది. తండ్రి పోయాక ఆ కొడుకు పక్కన ఎవరు నిలబడ్డారన్నది అంతకన్నా పెద్ద కారణం. ఏళ్ల తరబడి సాగే ఆస్తి తగాదాలను, మాటల్లేని చుట్టరికాలను కూడా ఇదే కోణంలో చూడొచ్చు.

“అప్పు ఇవ్వొద్దు, అప్పు తీసుకోవద్దు.” “నీ మనసుకు నువ్వు నిజాయితీగా ఉండు.” ఈ రెండూ షేక్‌స్పియర్ సూక్తులుగా వాట్సాప్ గ్రూపుల్లో, కాలేజీ గోడల మీద కనిపిస్తుంటాయి. నిజానికి ఇవి షేక్‌స్పియర్ తన అభిప్రాయంగా చెప్పినవి కావు. హామ్లెట్ నాటకంలో పొలోనియస్ అనే మంత్రి, ఫ్రాన్స్‌కు తిరుగు ప్రయాణమైన కొడుకు లయర్టీస్‌కు చెప్పిన జాగ్రత్తలు. ఆ మంత్రి మూడో అంకంలో తెర చాటున దాక్కుని మాటలు వింటూ కత్తిపోటుకు బలవుతాడు. కొడుకు చివరి అంకంలో, తను కత్తికి పూసిన విషం తనకే ఎక్కి పోతాడు. సూక్తి పంచుకునేవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశం తక్కువ.

ఇంగ్లిష్ సాహిత్యం చదివే విద్యార్థులకు తికమక ఇంకో రకంగా ఉంటుంది. పొలోనియస్ సలహాలు మంచివా, డొల్లవా అన్నది ఒక ప్రశ్న. డెన్మార్క్ యువరాజు హామ్లెట్ పగ తీర్చుకోవడానికి ఎందుకంత ఆలస్యం చేశాడన్నది ఇంకో ప్రశ్న. గైడ్లలో వీటికి విడివిడి జవాబులుంటాయి. నాటకంలో మాత్రం అవి పక్కపక్కనే ఉన్నాయి. మొదటి అంకం మూడో రంగంలో ఒక తండ్రి కొడుక్కి బుద్ధులు చెబుతాడు. అయిదో రంగంలో ఇంకో తండ్రి, చచ్చి ఆత్మగా వచ్చి, తన చావుకు పగ తీర్చమని కొడుకును అడుగుతాడు. ఈ రెండు రంగాలనూ కలిపి చదివితేనే తర్వాత జరిగేది అర్థమవుతుంది.

ప్రయాణం ముందు చెప్పిన బుద్ధులు

నాటకం 1600 ప్రాంతంలో రాసింది. 1603లో ఒకసారి, 1604లో ఇంకా పెద్ద ప్రతిగా ఇంకోసారి అచ్చయింది. కొడుక్కి నీతులు రాసి ఇవ్వడం ఆ కాలపు ఇంగ్లండ్‌లో పెద్దింటివాళ్ల పద్ధతే. ఎలిజబెత్ రాణి కొలువులో చక్రం తిప్పిన బర్లీ ప్రభువు విలియం సెసిల్ తన కొడుకు రాబర్ట్ కోసం ఇలాంటివే రాశాడు. ఎంత దగ్గరి స్నేహితుడికైనా హామీ ఉండొద్దని అందులో ఒక హెచ్చరిక ఉంది. షూరిటీ సంతకం పెట్టి చిట్టీ కంపెనీ నోటీసులు అందుకున్న ఇళ్లల్లో ఈ మాట విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పొలోనియస్ జాబితా కూడా ఆ కోవదే. మనసులో ఉన్నదంతా పైకి అనకు. అందరితో కలుపుగోలుగా ఉండు, చవకబారుగా ఉండకు. పరీక్షించి చూసుకున్న స్నేహితులను వదులుకోకు. జేబుకు తగ్గట్టు మంచి బట్టలు వేసుకో, ఆర్భాటం వద్దు. అప్పిస్తే డబ్బూ పోతుంది, స్నేహితుడూ పోతాడు. ఎవరేమన్నా విను, నీ తీర్పు నీ దగ్గర ఉంచుకో. ఈ చివరిదాని దగ్గర తెలుగు పాఠకుడికి చిన్నప్పుడు బట్టీ పట్టిన “వినదగు నెవ్వరు చెప్పిన” గుర్తుకొస్తుంది. సలహాల్లో తప్పు పట్టేదేమీ లేదు. డొల్ల అని కొట్టిపారేసే విమర్శ కొంచెం తొందరపాటే.

అయితే ఈ జాబితాలో ఒక ఖాళీ ఉంది. ఊరుగాని ఊళ్లో నలుగురిలో పేరు పోకుండా ఎలా బతకాలో అంతా ఉంది. అన్యాయం జరిగితే ఏం చేయాలి, దుఃఖం వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నవి లేవు. కోపం గురించి ఉన్నది ఒకే ఒక్క సలహా. దాని సారాంశం ఇది: గొడవలోకి దిగకుండా చూసుకో, దిగాక మాత్రం ఎదుటివాడు నిన్ను చూసి జడుసుకునేలా నిలబడు.

తండ్రి చచ్చాడని తెలిసి లయర్టీస్ తిరిగొచ్చినప్పుడు ఇందులో రెండో సగమే పనిచేస్తుంది. జనాన్ని వెంటేసుకుని రాజు తలుపులు పగలగొట్టి లోపలికొస్తాడు. పరలోకం ఏమైపోయినా సరే పగ తీరాలంటాడు. ఎదుటివాడు జడుసుకోవడం వరకు తండ్రి చెప్పినట్టే జరిగింది. విని తీర్పు దాచుకోవడం, మనసులోది పైకి అనకపోవడం లాంటివి ఆ క్షణాన అతనికి తోచను కూడా తోచవు.

చెప్పింది ఒకటి, చేసింది ఒకటి

బుద్ధులు చెప్పి పంపిన కొన్నాళ్లకే పొలోనియస్ రేనాల్డో అనే నౌకరును పారిస్‌కు పంపిస్తాడు. పైకి కొడుక్కి డబ్బూ ఉత్తరాలూ ఇవ్వడానికి. అసలు పని కూపీ లాగడం. ఎలా లాగాలో కూడా వివరంగా చెబుతాడు. పారిస్‌లో ఉన్న మన దేశం వాళ్లెవరో కనుక్కో, మాటల్లో పెట్టి లయర్టీస్ మీద నువ్వే చిన్న చిన్న నిందలు వెయ్యి, జూదమాడతాడు, తాగుతాడు, గొడవలు పెట్టుకుంటాడు అను, అప్పుడు అవతలివాడు “అవును, నేనూ చూశా” అంటాడో లేదో గమనించు. అబద్ధం ఎరగా వేసి నిజమనే చేపను పట్టాలన్నది అతని లెక్క. ఈ పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో తను ఏం చెబుతున్నాడో తనే మర్చిపోయి నౌకరునే అడుగుతాడు. నాటకంలో నవ్వొచ్చే చోటు ఇది. అయినా దీని తర్వాత మొదటి ఉపన్యాసాన్ని ఇదివరకటిలా వినలేం.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్లో పిల్లల్ని దింపి “నీ మీద మాకు నమ్మకముంది” అని చెప్పి, బస్సెక్కగానే వార్డెన్‌కో రూమ్మేట్‌కో ఫోన్ చేసే తల్లిదండ్రులు తక్కువేం కాదు. అందులో చాలావరకు టెన్షనే ఉంటుంది, కుట్ర ఉండదు. పొలోనియస్ చేసింది దానికన్నా రెండు మెట్లు పైన. ఆ రెండు మెట్ల కిందనైనా పిల్లలు గ్రహించేది ఒకటుంది: ఇంట్లో పని జరిగే పద్ధతి నోటితో చెప్పినదాన్ని బట్టి ఉండదని.

కూతురి విషయంలో తేడా ఇంకా స్పష్టం. కొడుక్కి సలహాలు ఇచ్చిన తండ్రే అదే రంగంలో ఒఫీలియాకు ఆజ్ఞ ఇస్తాడు. హామ్లెట్ ప్రేమ గురించి ఏమనుకోవాలో తెలియడం లేదని ఆమె అంటే, నిన్ను నువ్వు పసిపిల్లవనుకో అంటాడు. హామ్లెట్‌తో మాట్లాడొద్దంటాడు. ఆమె సరేనంటుంది. అలా దూరం పెట్టించిన మనిషి ముందుకే తర్వాత ఆమెను పంపించి, తనూ రాజూ చాటు నుంచి వింటారు. అబ్బాయికి జాగ్రత్తలు, అమ్మాయికి ఆంక్షలు అనే పద్ధతి ఎక్కడిదో విడమరిచి చెప్పాల్సిన పని తెలుగు ఇళ్లల్లో లేదు. నాటకం చూపించే ఫలితం మాత్రం గమనించదగ్గది. ఆలోచించే పని తండ్రికి అప్పగించిన అమ్మాయికి, ఆ తండ్రి పోగానే నిలబడ్డానికి ఆధారం ఉండదు. ఆమెకు మతి చలిస్తుంది, నీళ్లలో మునిగి పోతుంది.

మాటకన్నా పద్ధతే పిల్లలకు అంటుకుంటుందనడానికి నాటకంలో ఒక చిన్న ఆధారం ఉంది. హామ్లెట్ ఇచ్చిన ప్రేమ ప్రమాణాలు వుడ్‌కాక్ పిట్టలకు పన్నే ఉచ్చులని మొదటి అంకంలో పొలోనియస్ కూతురితో అంటాడు. వుడ్‌కాక్ తేలిగ్గా చిక్కే తెలివితక్కువ పిట్ట అని అప్పటివాళ్ల నమ్మకం. ఆ మాట అన్నప్పుడు లయర్టీస్ అక్కడ లేడు, అప్పుడే వెళ్లిపోయాడు. అయిదో అంకంలో విషపు కత్తి తనకే తగిలాక అతను అనేది ఇదే: వుడ్‌కాక్‌లా నా ఉచ్చులో నేనే పడ్డాను. తండ్రి దాచిపెట్టిన ఎర, చాటు, ఉచ్చు అనే విద్య కొడుక్కి ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఆత్మ పెట్టిన షరతులు

హామ్లెట్ తండ్రి సంగతి వేరు. ఆయన సలహా ఇవ్వడు, బాకీ అప్పగిస్తాడు. తమ్ముడు క్లాడియస్ తన చెవిలో విషం పోసి చంపి, రాజ్యాన్నీ రాణినీ తీసుకున్నాడని చెప్పి, నిజంగా నామీద ప్రేమ ఉంటే పగ తీర్చమంటాడు. వెంటనే రెండు షరతులు పెడతాడు. నీ మనసు చెడగొట్టుకోవద్దు. మీ అమ్మ జోలికి వెళ్లొద్దు, ఆమెను దేవుడికి వదిలెయ్.

ఈ మూడూ కలిసి కుదరవు. అమ్మ కట్టుకున్న మనిషిని చంపాలి, అమ్మకు ఏమీ కాకూడదు. హత్య చేయాలి, మనసుకు మచ్చ రాకూడదు. హామ్లెట్ ఆలస్యాన్ని పిరికితనంగానో అతి ఆలోచనగానో చెప్పే వివరణలు చాలా ఉన్నాయి. ఆజ్ఞలోనే ముడి ఉందన్న సంగతికి రావాల్సినంత ప్రాధాన్యం రాదు. పైగా ఫిర్యాదు చేయడానికి చోటు లేదు. హంతకుడే రాజు, రాజే న్యాయస్థానం. సొంతంగా పగ తీర్చుకోవడం అప్పటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం నేరం, మతం ప్రకారం పాపం. పగను ఫ్రాన్సిస్ బేకన్ ఒక రకం అడవి న్యాయంగా వర్ణించింది తర్వాత పాతికేళ్లకు, 1625లో. న్యాయం చెప్పాల్సిన చోటు మూసుకుపోయినప్పుడే ఆ అడవి మొలుస్తుంది.

హామ్లెట్ కనీసం రుజువు వెతుకుతాడు. ఆత్మ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి రాజు ముందు హత్య నాటకం వేయిస్తాడు. రుజువు దొరికిన రాత్రే తొందరపడి, తెర వెనక ఉన్నది రాజేమో అనుకుని పొడిస్తాడు. చచ్చింది పొలోనియస్. ఆ ఒక్క పోటుతో తండ్రి హంతకుణ్ణి వెతుకుతున్న కొడుకు, ఇంకో కొడుకు వెతికే హంతకుడవుతాడు. తన గోడులోనే లయర్టీస్ గోడు కనిపిస్తోందని హామ్లెట్ చివర్లో స్నేహితుడు హొరేషియోతో ఒప్పుకుంటాడు కూడా. అప్పటికి ఆలస్యమైపోయింది.

పక్కన నిలబడ్డవాళ్లు

లయర్టీస్ కోపానికి కారణం చావు ఒక్కటే కాదు. తండ్రిని గుట్టుగా, హడావిడిగా పాతిపెట్టారు. సమాధి మీద కత్తి లేదు, వంశ చిహ్నం లేదు, హోదాకు తగ్గ కర్మకాండ లేదు. అతను రాజును నిలదీసినప్పుడు వీటన్నిటినీ పేరుపేరునా లెక్కపెడతాడు. నష్టం కన్నా అవమానం ఎక్కువ కాలం మండుతుంది. కర్మకు పిలవలేదనో, తలకొరివి దగ్గర పక్కకు నెట్టారనో మొదలైన పట్టుదలలు ఆస్తి పంచుకున్నాక కూడా చల్లారని కుటుంబాలు ప్రతి ఊళ్లో ఉంటాయి.

ఆ సమయంలో అతని పక్కన చేరింది క్లాడియస్. హామ్లెట్ బతికుంటే ముప్పు అతనికే. లయర్టీస్ చేత ఆ పని చేయించుకోవాలి. అందుకు వాడిన పనిముట్టు ఒక ప్రశ్న. మీ నాన్నంటే నీకు నిజంగా ప్రేమేనా, లేక నువ్వు దుఃఖానికి గీసిన బొమ్మవా, మొహమే తప్ప గుండె లేదా అని అడుగుతాడు. దానికి లయర్టీస్ జవాబు, చర్చిలోనైనా సరే హామ్లెట్ గొంతు కోస్తానని. “మీ నాన్నను అంత మాటంటే నువ్వు ఊరుకున్నావా?” అనే ప్రశ్న తెలుగు నేల మీద ఎంతమందిని ఎగదోసిందో తెలిసినవాళ్లకు క్లాడియస్ కొత్తవాడేం కాదు. రాయలసీమ ఫ్యాక్షన్ తరం నుంచి తరానికి సాగడానికి పెత్తనం, కాంట్రాక్టులు లాంటి కారణాలెన్నో ఉన్నా, కొడుకు పౌరుషాన్ని పరీక్షకు పెట్టే ఈ మాట కూడా అందులో పనిచేసింది.

మూడో కొడుకు నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్. ముప్పై ఏళ్ల కిందట అతని తండ్రిని ద్వంద్వయుద్ధంలో చంపింది హామ్లెట్ తండ్రే. పందెం ప్రకారం భూములు కూడా పోయాయి. ఆ భూముల కోసం సైన్యాన్ని పోగేస్తున్నాడన్న వార్తతోనే నాటకం మొదలవుతుంది. అతనికీ ఒక బాబాయ్ ఉన్నాడు, అతనూ రాజే, మంచం పట్టిన ముసలివాడు. డెన్మార్క్ దూతలు వచ్చి చెప్పాక ఆయన విచారించి, కొడుకు వరసైన ఫోర్టిన్‌బ్రాస్‌ను పిలిపించి మందలిస్తాడు. డెన్మార్క్ మీద ఇక కత్తి ఎత్తనని మాట తీసుకుంటాడు. ఆ వెంటనే ఏటా భత్యం ఏర్పాటు చేసి, పోగేసిన సైన్యాన్ని పోలండ్ వైపు మళ్లించుకోవడానికి అనుమతి ఇస్తాడు.

మందలింపు, అందరికీ తెలిసేలా తీసుకున్న మాట, చేతిలో డబ్బు, చేయడానికి ఇంకో పని. ముసలాయన నీతులు చెప్పి సరిపెట్టలేదు, కోపానికి బదులు ఏం ఇవ్వాలో ఆలోచించాడు. ఇందులో ఆదర్శమేమీ లేదు. పోలండ్‌లో ఆ సైన్యం కొట్లాడేది అయిదు డకట్లకు కౌలుకు కూడా ఎవరూ తీసుకోని నేల ముక్క కోసం. దానికోసం ఇరవై వేలమంది చావబోతున్నారని హామ్లెట్ విస్తుపోతాడు, తనను తను తిట్టుకుంటాడు కూడా. ఒక ఇంటి పగ ఆగితే దాని ఖర్చు ఎవరో తెలియనివాళ్ల మీద పడింది. అయినా చివరికి శవాల మధ్యకు నడిచొచ్చి డెన్మార్క్ సింహాసనం అందుకునేది ఇతనే. చనిపోతూ అతనికే మద్దతు పలికింది హామ్లెట్.

హామ్లెట్ పక్కన హొరేషియో ఉన్నాడు, మంచివాడు. క్లాడియస్ పథకం ప్రకారం లయర్టీస్‌తో జరిగే కత్తిపోటీకి ముందు, నీ మనసు కీడు శంకిస్తే మానేయ్, ఏదో ఒకటి చెప్పి ఆపిస్తాను అంటాడు. హామ్లెట్ వినడు. మంచి స్నేహితుడికి ఆపాలన్న మనసుంది, ఆపగల హోదా లేదు. నార్వే రాజుకు రెండూ ఉన్నాయి.

ఉదంకుడు, ఆస్తీకుడు

కొడుకు పక్కన చేరి ఎగదోసే లేదా ఆపే ఈ మూడో మనిషి పాత్రను తెలుగు పాఠకులు హామ్లెట్ కన్నా చాలా ముందే చదివారు. భారతం ఆదిపర్వంలో పరీక్షిత్తు ధ్యానంలో ఉన్న శమీకుడి మెడలో చచ్చిన పామును వేసి వెళ్తాడు. శమీకుడికి కోపం లేదు. కోపం కొడుకు శృంగికి, అదీ కృశుడనే తోటి కుర్రవాడు ఎత్తిపొడిచాక. శృంగి శపిస్తాడు. అవమానం జరిగిన తండ్రే ఆ శాపం విని, తప్పు చేశావని కొడుకును మందలిస్తాడు. తండ్రి అడగని పగను కొడుకు తీర్చిన ఉదాహరణ ఇది.

శాపం ఫలించి తక్షకుడు కాటేస్తే పరీక్షిత్తు పోతాడు. ఆయన కొడుకు జనమేజయుడి దగ్గరికి ఉదంకుడు వచ్చి, మీ నాన్నను చంపిన తక్షకుణ్ణి వదలొద్దు, సర్పయాగం చెయ్యి అంటాడు. ఉదంకుడికి సొంత లెక్క ఉంది. గురుపత్ని కోసం తను తెస్తున్న కుండలాలను ఎత్తుకుపోయింది ఆ తక్షకుడే. తన పగకు ఇంకొకరి తండ్రి చావును వాడుకోవడంలో ఉదంకుడికీ క్లాడియస్‌కూ పెద్ద తేడా లేదు. ఉదంకుడి కోపానికి న్యాయమైన కారణం ఉంది, అంతే. యాగం మధ్యలో వచ్చి వరంగా దాన్ని ఆపించినవాడు ఆస్తీకుడు. తల్లి వైపు నాగజాతి, తండ్రి వైపు బ్రాహ్మణుడు, రెండు పక్షాలవాళ్లూ కాదనలేని మనిషి.

“వాళ్ల గడప తొక్కొద్దు”

రోజువారీ జీవితంలో పగ అంటే కత్తులు కావు. పెళ్లికి పిలవకపోవడం, పిలిచినా వెళ్లకపోవడం, గట్టు జరిపారని కేసు వేయడం, అన్నదమ్ముల పిల్లలు ఒకే వీధిలో ఎదురుపడి కూడా పలకరించుకోకపోవడం. దీని వెనక చాలాసార్లు పెద్దవాళ్ల మాట ఒకటి ఉంటుంది. నేను పోయినా సరే వాళ్ల గడప తొక్కొద్దు. చెప్పినాయన పోయాక ఆ మాటను వెనక్కి తీసుకునేవాడు ఉండడు. గొడవ మొదలైనప్పుడు పుట్టని మనవళ్లు కూడా దాన్ని ఆస్తిలా అందుకుంటారు. గొడవ దేనిగురించో అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు. హామ్లెట్‌కు ఉన్న రుజువు వెతికే ఓపిక కూడా ఇక్కడ అరుదు. తండ్రి చెప్పాడు కాబట్టి నిజం.

కోర్టు ఈ మంటను త్వరగా ఆర్పదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు. సివిల్ దావా నడిచినన్నాళ్లూ వాయిదాకు వెళ్లిరావడమే కుటుంబానికి ఒక అలవాటుగా మారుతుంది. ఆ కాలమంతా ఎగదోసేవాళ్లకు కొదవుండదు. పక్క పొలం మీద కన్నున్నవాడు, ఊరి రాజకీయాల్లో ఓ వర్గం కావాల్సినవాడు, చివరికి ఇంట్లోనే పాత లెక్క ఉన్న ఇంకో బంధువు. సలహా ఇస్తున్న మనిషికి ఈ గొడవ సాగడం వల్ల ఏం వస్తుందన్న ప్రశ్న లయర్టీస్ ఒక్కసారి అడిగి ఉంటే క్లాడియస్ పథకం అక్కడే ఆగేది.

ఆపేవాళ్ల విషయానికొస్తే, పెద్దమనుషుల పంచాయితీకి ఒకప్పుడు ఆ హోదా ఉండేది. పక్షపాతం, కులబలం అందులోనూ ఉన్నాయి కాబట్టి దాన్ని మరీ తీపిగా గుర్తుచేసుకోనక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టంతో రూపం వచ్చిన లోక్ అదాలత్ ఇప్పుడు ఆ పని కొంత చేస్తోంది. ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే ఆ రాజీ తీర్పుకు (అవార్డుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు. నార్వే రాజు తీసుకున్న మాటకు చట్టం ముద్ర పడినట్టే. అయితే ఆయన ఫోర్టిన్‌బ్రాస్‌కు బదులుగా ఏదో ఒకటి చేతిలో పెట్టాడు. రాజీల్లో తరచూ తప్పిపోయేది అదే. సరిహద్దు రాళ్లు పాతుతారు, ఖర్చులు ఎవరివి వారు భరించుకుంటారు. కర్మకు పిలవకపోవడం లాంటి అసలు అవమానానికి ఆ కాగితంలో చోటుండదు, గడప తొక్కొద్దన్న మాటను రద్దు చేసే నిబంధన అంతకన్నా ఉండదు. ఆ పని చేయాల్సింది ఆ ఇంట్లో ఇంకా బతికున్న పెద్దలే. చాలాచోట్ల ఇప్పటికీ అది ఏ మేనత్తో, పెద్దమ్మో ఒక పెళ్లి పిలుపును సాకుగా పెట్టుకుని చేస్తోంది.